బడికి నిధులు అడగడం ప్రధానోపాధ్యాయుడి బాధ్యతే

సంపాదకులకు నమస్కారం.

ప్రకాశం జిల్లాలో 33 ఏళ్లు ఉపాధ్యాయ వృత్తిలో ఉండి, చివరి తొమ్మిదేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. సర్వీసులో ఉండగా రాయలేకపోయిన లేఖ ఇది. పాఠశాలల నిధుల గురించి మంత్రులు మాట్లాడుతున్నారు, ప్రతిపక్షం మాట్లాడుతోంది, అధికారులు సమీక్షలు జరుపుతున్నారు. ఆ నిధులతో బడి నడపవలసిన ప్రధానోపాధ్యాయుడు (హెచ్ఎం) మాత్రం నోరు విప్పే వీలు లేకుండా ఉన్నాడు.

2022 సెప్టెంబరులో మా బడి బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించి మళ్లీ దించడానికి ఏడు వేల రూపాయల పైచిలుకు అవుతుందని మెకానిక్ చెప్పాడు. బడి ఖాతాలో ఒక్క రూపాయి లేదు. మరుగుదొడ్లకు నీళ్లు లేక తాళం వేశాం. మధ్యాహ్నం గంట కొట్టగానే పెద్ద తరగతుల ఆడపిల్లలు ఇళ్లకు వెళ్లేవారు, వారిలో కొందరు తిరిగి వచ్చేవారు కాదు. ఆ వారం హాజరు పట్టీలో మధ్యాహ్నం గళ్లు చూస్తే ఏ ఉపాధ్యాయుడికైనా మనసు కలుక్కుమంటుంది. విద్యా కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాశాం, పై కార్యాలయానికి మూడుసార్లు లేఖ పంపాం. చివరికి ఉపాధ్యాయులందరం తలా కొంత వేసుకుని మోటారు బాగు చేయించాం. ఆ ఏడాది గ్రాంటులో మొదటి విడత జనవరిలోనూ, మిగిలినది మార్చి మూడో వారంలోనూ వచ్చాయి. మార్చి 31లోగా బిల్లులు పెట్టకపోతే సొమ్ము వెనక్కి పోతుందన్న హెచ్చరిక కూడా వాటితోపాటే వచ్చింది. జూన్‌లో కొనవలసిన సుద్దముక్కలూ రిజిస్టర్లూ పరీక్షలు దగ్గరపడ్డాక కొన్నాం.

ఆ తీర్మానం రాసిన రోజున కమిటీ ఛైర్‌పర్సన్ ఒక మాట అడిగారు. ఆమె మిరప కోతలకు వెళ్లే కూలీ. "మా పిల్లోడి డబ్బుల్లో రెండు వేలు బడికేనని పట్టుకున్నారు గదా సారూ, అయ్యి పెట్టి మోటారు బాగుచేయించకూడదా?" అన్నారు. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు 15,000 ఇచ్చే అమ్మఒడి పథకంలో 2022 నుంచి మరుగుదొడ్ల నిర్వహణకు వెయ్యి, పాఠశాల నిర్వహణకు వెయ్యి మినహాయించి తల్లులకు 13,000 ఇచ్చారు. ప్రభుత్వం మారి, పథకం పేరు తల్లికి వందనం అయ్యాక 2025లోనూ 15,000లో 2,000 మినహాయింపు అలాగే ఉంది. తల్లుల వాటా నుంచి తీసిన సొమ్ము తమ బడికి ఎంత వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, దేనికి ఖర్చయిందో వారికి చెప్పవలసినవాడు హెచ్ఎమ్మే. అతనికే తెలియకపోతే ఎవరు చెబుతారు?

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో, అంటే మేం విద్యా కమిటీ అనేదానిలో, నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. 22వ సెక్షను ప్రకారం ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. ఈ రెండో మాటను దయచేసి పాఠకులు గుర్తుంచుకోవాలి. మేం ఏటా ప్రణాళిక రాశాం, సంతకాలు పెట్టించాం, పంపాం. అందులో ఏది ఆమోదించారో, ఏది ఎందుకు తిరస్కరించారో చెబుతూ నా సర్వీసులో ఒక్క కాగితం తిరిగి రాలేదు.

నిధులు నిజానికి వచ్చేది విద్యార్థుల సంఖ్యను బట్టి కట్టిన శ్లాబుల మీద. పాఠశాల విద్యకు ఉద్దేశించిన సమగ్ర శిక్ష పథకం కింద కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఏడాది ఖర్చులకు ఇచ్చే సొమ్ము, 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50,000, 251 నుంచి 1,000 మంది ఉన్న బడికి 75,000. అంటే 260 మంది ఉన్న బడికి తలకు 288 రూపాయలు పడితే 980 మంది ఉన్న బడికి 77 రూపాయలైనా పడవు. దానిలోనే పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. 2018లో పథకం మొదలైనప్పుడు ఈ రెండు శ్లాబుల మొత్తం ఎంతో, 2021లో పథకాన్ని 2026 మార్చి దాకా పొడిగించినప్పుడూ అంతే. ఈ మధ్యలో సున్నం ధర, ప్లంబరు కూలి ఎంత పెరిగాయో ఇల్లు బాగు చేయించుకున్న ఎవరినడిగినా చెబుతారు.

ఇవన్నీ హెచ్ఎంలు ఎందుకు బయటకు చెప్పరని అడగవచ్చు. ప్రభుత్వ విధానాలను విమర్శించరాదని 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఆ నిబంధనను నేను తప్పుపట్టడం లేదు. అయితే మా బడిలో మోటారు కాలిపోయింది, డబ్బు లేదు అని మండల సమావేశంలో చెప్పడం విమర్శ ఎలా అవుతుంది? నేను చెప్పబోతే, "ఈ సంగతులు మీటింగులో ఎత్తకండి, మనమే చూసుకుందాం" అని ముందురోజే ఫోనులో సలహా వచ్చింది. చూసుకున్నవారు మాత్రం లేరు. మా ప్రధానోపాధ్యాయుల సంఘాలకూ ఇందులో బాధ్యత ఉంది. బదిలీలు, పదోన్నతులు, సీనియారిటీ జాబితాల మీద ఎన్నో వినతిపత్రాలు ఇచ్చాం. గ్రాంటుల ఆలస్యాన్ని వాటి చివరి అంశంగా చేర్చి వదిలేశాం. నేనూ ఆ వినతిపత్రాల మీద సంతకం చేసినవాణ్ణే గనుక ఈ మాట బాధతోనే రాస్తున్నాను. జీతాల కోసం పట్టుబట్టినట్టే సంఘాలు ఇకనైనా బడి ఖర్చుల కోసమూ పట్టుబట్టాలి.

తన పాఠశాల అవసరాలను గ్రామసభలోనూ మండల, జిల్లా పరిషత్ సమావేశాల్లోనూ చెప్పడం హెచ్ఎం విధుల్లో భాగమనీ, అది ప్రవర్తనా నియమావళికి విరుద్ధం కాదనీ పాఠశాల విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి ఖజానా నుంచి పైసా ఖర్చు కాదు. గ్రాంటులో కనీసం సగమైనా బడులు తెరిచే జూన్ 12 నాటికి ఖాతాలో ఉండాలి. మెగా పేరెంట్ టీచర్ సమావేశాలను 2024 డిసెంబరులోనూ 2025 జులైలోనూ ఘనంగా జరిపారు. తదుపరి సమావేశంలో బడికి ఆ ఏడాది వచ్చిన ప్రతి రూపాయి లెక్కనూ, అడిగి రాని పనుల జాబితానూ హెచ్ఎం చేత తల్లుల ముందు చదివించాలని శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా