తిరుపతిలో చైనీస్ నేర్పే క్లాసు ఒక్కటైనా పెట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతా ఉన్నాను, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. మాది పాకాల దగ్గర పల్లె. మీ పేపర్ జిల్లా పేజీలో శ్రీసిటీకి ఫలానా కంపెనీ వస్తా ఉంది, ఇన్ని ఉద్యోగాలు అని వార్త పడినప్పుడల్లా మాయమ్మ కత్తిరించి దాచిపెడతాది. సంతోషమే, కానీ ఆ ఉద్యోగాల్లో చేరినాక మన పిల్లోళ్ళు ఎవరితో మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి అనేది మాత్రం ఎవరూ రాయడంలేదు, అందుకే ఈ ఉత్తరం. పోయిన ఎండాకాలం మూడు నెలలు తైవాన్ లో, తైపే సిటీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్ లో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చాను. ఆడ చూసింది, తిన్నది, నేర్చుకున్నది చెప్తాను, చివర్లో ఒకటి అడుగుతాను, కాస్త పెద్ద ఉత్తరమే, ఏమీ అనుకోవద్దు.

ముందు పోయిన విధానం చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగే జూనియర్లందరూ అదే అడుగుతారు. తైవాన్ విద్యాశాఖ వాళ్ళదే టీప్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, బయటిదేశాల స్టూడెంట్లు ఆడి యూనివర్సిటీల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యొచ్చు. ల్యాబ్ వాళ్ళకి మనమే మెయిల్ రాసుకోవాలి, నేను ఇరవై పైన రాశాను, మూడింటికి జవాబు వచ్చింది. తైవాన్ కి మన దేశంలో ఎంబసీ అనేది లేదు, వీసా పనులన్నీ తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ అనే ఆఫీసు చూస్తుంది, అది చెన్నైలో 2012 నుంచి ఉంది, అంటే తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. ఊళ్ళో ఒక కన్సల్టెన్సీకి పోతే, ఆడికెవరు పోతారమ్మా, అమెరికాకో యూకేకో పో అని కాగితాలు కూడా చూడకుండా పంపించేశారు. చాలా బాధేసింది. మా నాయనకి నా మీద నమ్మకం ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఆ మాటతోనే ఆగిపోయేదాన్ని.

ల్యాబ్ లో నా పని ఏందంటే, సర్క్యూట్ బోర్డుల ఫోటోలు చూసి సోల్డరింగ్, అంటే కరిగించిన లోహంతో వేసే అతుకు, సరిగ్గా పడిందా లేదా కంప్యూటరే చెప్పేట్టు నేర్పించడం. వేలల్లో ఫోటోలు, ఒక్కో రకం తప్పుకి ఒక్కో ఫోల్డరు, ఆ ఫోల్డర్ల పేర్లన్నీ చైనీస్ లో. మొదటి రోజు బొమ్మల్ని చూసినట్టు చూస్తా కూర్చున్నా. అప్పుడు ల్యాబ్ లో ఒక సీనియర్ అమ్మాయి స్టూల్ లాక్కొని నా పక్కన కూర్చొని ఒక్కో పేరు కాగితం మీద రాసి చెప్పింది. 'త్వాన్ లూ', అంటే పొట్టి దారి, అదే షార్ట్ సర్క్యూట్. 'ఖోంగ్ హాన్', ఖాళీ అతుకు, అంటే పార్టు కాలు బోర్డుకి అంటుకోకుండా గాల్లో ఉంది అని. ఎంత బాగుందో చూడండి, చదువురాని మనిషికి చెప్పినా అర్థమైపోతాది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, టీ మరక పడి ఒక మూల అక్షరాలు అలుక్కుపోయినాయి.

ఆ అమ్మాయిని నేను పేరు పెట్టి పిలవబోతే పక్కన అబ్బాయి నవ్వి, 'శ్వే-జియె' అనాలి అన్నాడు. శ్వే అంటే చదువు, జియె అంటే అక్క. చదువుకునే చోట అక్క. నన్నేమో ఆమె 'శ్వే-మెయ్' అనింది, చెల్లి. మన కాలేజీలో కూడా సీనియర్ ని అక్కా అనే కదా పిలుస్తాం! ఆ రోజు నుంచి భయం సగం పోయింది. అడిగే కొద్దీ ఇంకా తెలిసింది, ఇంగ్లీషులో అందరూ అంకులే అందరూ ఆంటీలే, వీళ్ళకట్ల కాదు, మన మాదిరే. నాయనకి అన్న అయితే బోబో, తమ్ముడైతే షూషూ, అంటే పెదనాయన, చిన్నాయన. నాయన అక్కచెల్లెళ్ళు గూగూ, మేనత్తలు. అమ్మకి అన్నదమ్ములైతే జియోజియో, మేనమామ. శ్వే-జియె వాళ్ళ జియోజియో ఒకాయన శిన్చూలో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మా మామేమో శ్రీసిటీలో పనిచేస్తాడు. ఇద్దరం మేనమామల గురించి చెప్పుకుంటా మధ్యాన్నం అంతా గడిపేశాం. శిన్చూ సైన్స్ పార్క్ 1980లో పెట్టారంట, 1987లో టీఎస్ఎంసీ పుట్టింది ఆ ఊళ్ళోనే, ఇప్పుడు ప్రపంచంలో పెద్ద చిప్ కంపెనీల్లో అదొకటి. మా జిల్లాలో కూడా అట్లాంటిది కావాలని ఆశగా ఉండేది ఆ మాటలు వింటా ఉంటే.

తిండి సంగతి. మా ఇంట్లో మాంసం తినరు, మాయమ్మ పచ్చళ్ళు, చింతపండు పులుసు పొడి, రాగి పిండి అన్నీ కట్టించి పంపింది, ఆడ ఏమీ దొరకదు పిల్ల ఎండిపోతాదని. నిజానికి తైపేలో శాకాహారం దొరకడం చాలా తేలిక. 'వో ఛ్ సూ' అంటే చాలు, నేను శాకాహారం తింటాను అని. శాకాహారం హోటళ్ళ బోర్డు మీద బౌద్ధుల స్వస్తిక్ గుర్తు ఉంటాది చాలా చోట్ల, దూరం నుంచే కనపడతాది. అసలు ఆశ్చర్యం ఏందంటే ఆడ శాకాహారం అంటే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు, గట్టిగా పాటించే వాళ్ళకి ఆ రెండింటితో కలిపి ఘాటైన దినుసులు అయిదు నిషేధం. తిరుమల ప్రసాదంలో ఉల్లి వెల్లుల్లి వెయ్యరు కదా, ఎక్కడో సముద్రం అవతల అదే నియమం కనపడితే మనసుకి ఎట్లనో అయిపోయింది. ప్యాకెట్ల మీద కూడా పాలు ఉన్న శాకాహారమా, గుడ్డు ఉన్నదా, ఆ ఘాటు దినుసులు వేసిందా అని వేరేవేరేగా రాస్తారు. నా రూమ్ దగ్గర ఒక హోటల్లో ఇరవై ముప్పై రకాల కూరలు పళ్ళేల్లో పెట్టి ఉంటాయి, మనకి కావాల్సింది డబ్బాలో పెట్టుకుంటే తూకం వేసి డబ్బు చెప్తారు. వెదురు చిగుళ్ళు, తోఫూ నాలుగు రకాలు, వంకాయ. కారం మాత్రం ఉండదు, మాయమ్మ ఊరగాయ ఆడ పనికొచ్చింది.

ఆ హోటల్ పెద్దామెని అందరూ 'అమా' అని పిలిచేవాళ్ళు. నేను అమ్మా అంటున్నారేమో అనుకున్నా, కాదంట, తైవానీస్ మాటలో అమా అంటే అవ్వ. ఆమె నన్ను చూసినప్పుడల్లా కడుపు నిండిందా అని అడిగేది, అదే ఆడ పాతకాలం వాళ్ళ పలకరింపు. మా పల్లెలో ఎవరింటి ముందర పోయినా అన్నం తిన్యావా అని అడగరూ, అచ్చం అంతే. సాయంత్రం చెత్త బండి వచ్చే టైంకి మళ్ళీ కలిసేవాళ్ళం. తైపేలో చెత్త నేల మీద పెట్టకూడదు, బండి పియానో పాట వేసుకుంటా వీధిలోకొస్తాది, బీథోవెన్ ఫర్ ఎలిస్, అందరూ సంచులతో దిగి చేత్తో వెయ్యాలి. మామూలు చెత్తకి మున్సిపాలిటీ వాళ్ళ నీలం సంచి కొనుక్కోవాలి, ఆ సంచి ధరలోనే చెత్త పన్ను ఉంటాది, 2000 నుంచి ఇదే పద్ధతి. తిండి చెత్తని మళ్ళీ రెండుగా విడగొట్టాలి, వండింది వేరే, పచ్చిది వేరే. బుధవారం, ఆదివారం బండి రాదు. మొదటిసారి నేను అరటితొక్కలు, అన్నం మెతుకులు ఒకే డబ్బాలో తెస్తే అమా ఒక్క మాట అనకుండా నా చేతిలోంచి తీసుకొని, వీధి దీపం కింద వంగి, తొక్కలన్నీ ఏరి వేరే తొట్టిలో వేసి, డబ్బా నాకిచ్చింది. తర్వాత ఎప్పుడూ నేను కలిపి తేలేదు. మన తిరుపతిలో బండి వచ్చి పాట వేస్తానే ఉంది, తడి చెత్త పొడి చెత్త అని చెప్తానే ఉన్నారు, మా హాస్టల్ సందులో మాత్రం గోడ వారగా అట్లే పడేస్తున్నారు, అది చూస్తే ఆ అమా గుర్తొస్తాది.

అందరూ అడుగుతారని తైపే 101 కూడా ఎక్కాను, 508 మీటర్లు, లోపల పై అంతస్తుల్లో 660 టన్నుల ఇనప గుండు వేలాడదీసి ఉంటాది గాలికి, భూకంపానికి బిల్డింగ్ ఊగకుండా. అది చూడదగ్గదే. కానీ నా మనసులో నిల్చింది లోంగ్‌షాన్ గుడి. 1738లో కట్టింది, మెయిన్ దేవత గ్వాన్‌యిన్, అంటే మన అవలోకితేశ్వరుడే ఆడ అమ్మవారి రూపంలో. పొద్దున్నే పోతే ఆడోళ్ళు మొగోళ్ళు నల్ల అంగీలు వేసుకొని వరసగా నిలబడి పారాయణ చేస్తా ఉన్నారు. ఏమీ అర్థంకాలేదు, ఉన్నట్టుండి 'నమో' అని వినిపించింది. మళ్ళీ నమో. ఆ మాట సంస్కృతంలోంచి పోయిందే, బౌద్ధ గ్రంథాలతో పాటు, వందల ఏళ్ళ కింద. నేను ఆ గుంపు వెనకాల చేతులు జోడించి నిలబడిపోయా. జనం నెలవంక ఆకారం చెక్క ముక్కలు రెండు నేల మీద వేసి దేవుణ్ణి ప్రశ్న అడుగుతారు, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే ఔను అని. కాణిపాకంలో ప్రమాణం చేసే ఊరోళ్ళం మనం, దేవుడి ముందర నిజం తేల్చుకోవాలనే ఆ కోరిక నాకు కొత్తగా అనిపించలేదు.

ఇంక భాష. చైనీస్ అంటే కొండ ఎక్కినట్టే అని అందరూ భయపెడతారు. రాయడం కష్టమే, ఒప్పుకుంటా. మాట్లాడేది మాత్రం తెలుగోళ్ళకి ఒక సుళువు ఉంది, అది ఎవరూ చెప్పరు. చైనీస్ లో ప, ఫ వేరు, త, థ వేరు, క, ఖ వేరు, అంటే ఒత్తు ఉన్నదా లేదా అనే తేడా. ఇంగ్లీషోళ్ళకి ఇది రాయడానికి అక్షరమే లేదు, మనకి ఒకటో తరగతిలోనే నేర్పించేస్తారు. తైపే అనే పేరే చూడండి, వాళ్ళు పలికేది థాయ్-పెయ్, మొదటిది ఒత్తుతో రెండోది ఒత్తు లేకుండా. నేను నోట్స్ అంతా తెలుగులోనే రాసుకున్నా, శ్వే-జియె నా పలుకు మెచ్చుకుండేది. తైవాన్ లో చిన్నపిల్లోళ్ళకి కూడా ముందు 37 గుర్తులు నేర్పిస్తారు పలకడానికి, తర్వాతే పెద్ద అక్షరాలు. కష్టమైంది స్వరం. 'మాయ్' అని కిందికి దించి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా దించితే అమ్మడం. సరుకు కొనే ఆఫీసులో ఈ తేడా తెలియకుంటే ఏమవుతాదో ఆలోచించండి. మూడు నెలల్లో నాకు వచ్చింది నాలుగైదు వందల మాటలు, అంతే, దాంతోనే ల్యాబ్ మీటింగ్ లో సగం పట్టుకోగలిగా.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతా. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది, అది తైవాన్ కంపెనీ. తడ దగ్గర మాంబట్టులో వేలమంది మన ఆడపిల్లలు పనిచేసే షూ ఫ్యాక్టరీ కూడా తైవాన్ వాళ్ళదే. మెషీన్లు ఆడి నుంచో చైనా నుంచో వస్తాయి, బిగించడానికి ఇంజినీర్లు ఆడి నుంచే వస్తారు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది 1954 నుంచి, ఆడపిల్లలకి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, ఐఐటీ ఉంది, సంస్కృత యూనివర్సిటీ ఉంది. వీళ్ళలో ఎవరో ఒకరు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు సాయంత్రం పూట పెట్టలేరా? డిప్లొమా పిల్లోళ్ళు, ఐటీఐ పిల్లోళ్ళు, ఇప్పటికే ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళు కూడా చేరేట్టు, తెలుగులోనే చెప్పేట్టు పెట్టాలి, ఇంగ్లీషు మీదుగా కాదు. అక్షరాలు తర్వాత, ముందు మాట. సంస్కృతం చదివే వాళ్ళకి కూడా ఇది పనికొచ్చేదే, మన దగ్గర పోయిన బౌద్ధ గ్రంథాలు చాలా వాటికి చైనీస్ అనువాదాలు మాత్రమే మిగిలాయి కదా. యూనివర్సిటీ పెద్దలు, కలెక్టర్ గారు మీ పేపర్ చదువుతారు, ఒక్కసారి వాళ్ళ చెవిన వెయ్యండి.

ఇది ఎందుకింత గట్టిగా అడుగుతా ఉన్నానో చెప్తాను. నేను తిరిగొచ్చిన వారానికి మా మామ, శ్రీసిటీలో పనిచేస్తాడని చెప్పానే, లైన్ సూపర్వైజర్, ఆయన వచ్చి ఒక చిన్న పాకెట్ నోట్‌బుక్ తీసి నా ముందర పెట్టాడు. రెండేళ్ళుగా ఆడికొచ్చే ఇంజినీర్ల నోట విన్న మాటలన్నీ తెలుగులో రాసుకున్నాడు, పక్కన అర్థం లేదు, ఎప్పుడు అన్నారో మాత్రం ఉంది. 'కాంగన్ - బోర్డు విసిరేసి అన్నాడు.' 'డాన్లూ - పొగ వచ్చినప్పుడు.' నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఖోంగ్ హాన్, త్వాన్ లూ, నేను తైపే ల్యాబ్ లో కాగితం మీద నేర్చుకున్న మాటలే, మా మామ ఎవరూ చెప్పేవాళ్ళు లేక చెవితో పట్టుకున్నాడు. ఇద్దరం పంచలో కూర్చొని ఒక్కోదానికి అర్థం రాస్తా పోయాం, నాకు తెలియనివి ఫోన్ లో శ్వే-జియెని అడిగి. చివరి పేజీలో ఒకటి ఉంది, 'సౌసిన్ - మిషన్ దగ్గర చెయ్యి పెడితే అరుస్తాడు, తిడతాడేమో.'

తిట్టు కాదు మామా అన్నా. శ్యావ్ శిన్. శ్యావ్ అంటే చిన్న, శిన్ అంటే గుండె, రెండూ కలిస్తే జాగ్రత్త అని. మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను అడిగి తీసుకొని, తిడతాడేమో అనేదాన్ని కొట్టేసి, పక్కన రాసుకున్నాడు, 'చిన్న గుండె, జాగ్రత్త.'

ఇట్లు,
ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని,
తిరుపతి.