చీటీ మీద బరువు కాంటా నుంచే రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎనుమాముల మార్కెట్‌కు గానీ, పరకాల, జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లులకు గానీ పత్తి తెచ్చిన రైతు, ట్రాక్టరును కాంటా మీద నిలబెట్టి, కంప్యూటరు ఇచ్చిన తూకం చీటీని నమ్మి వెళ్తాడు. ఆ నమ్మకమంతా కాంటా ఇండికేటరు (బరువును అంకెల్లో చూపే పెట్టె) నుంచి కంప్యూటరులోకి బరువును మోసుకొచ్చే ఒక్క సీరియల్ కేబుల్ మీద ఆధారపడి ఉంది. ఆ కేబుల్ విషయంలో జరుగుతున్న అశ్రద్ధ గురించి, కాంటాల దగ్గర కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఇండికేటర్లు చాలావరకు నేటికీ 1960లో రూపొందిన ఆర్‌ఎస్-232 పద్ధతిలోనే బరువును పంపుతాయి. కొత్త కంప్యూటర్లకు మాత్రం ఆ తొమ్మిది పిన్నుల పోర్టు దాదాపుగా ఉండటం లేదు కనుక మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు పెట్టక తప్పడం లేదు. లైసెన్సు ఖర్చు ఉండదని విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్న చోట్ల చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కంప్యూటరు మదర్‌బోర్డు మీదే ఉండే పాత పోర్టులకు లినక్స్ టీటీవైఎస్0, టీటీవైఎస్1 అని పేర్లు పెడుతుంది, అవి మారవు. యూఎస్‌బీ ద్వారా వచ్చినవాటికి మాత్రం ముందు గుర్తించినదానికి టీటీవైయూఎస్‌బీ0, తరువాతిదానికి టీటీవైయూఎస్‌బీ1 అని వరుస నంబర్లు ఇస్తుంది.

పొద్దున గది ఊడ్చేటప్పుడు చీపురు తగిలి కన్వర్టరు ఊడిందనుకుందాం. ఆపరేటరు వెంటనే మళ్ళీ గుచ్చుతాడు. కానీ తూకం ప్రోగ్రాం అప్పటికే 0 నంబరు పోర్టును తెరిచి పట్టుకుని ఉంటుంది కనుక, అది ఖాళీ కాక, తిరిగి వచ్చిన కన్వర్టరుకు 1 నంబరు దక్కుతుంది. ఇండికేటరు మీద ఎర్ర అంకెలు కదులుతూనే ఉంటాయి, తెర మీద బరువు మాత్రం కదలదు. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి కనుక ఆపరేటరు ఇండికేటరును చూసి బరువును చేత్తో టైపు చేసేస్తాడు. నన్ను కలవరపెట్టేది ఈ క్షణమే. ఒక అంకె అటూ ఇటూ అయితే క్వింటాళ్ళ తేడా వస్తుంది, ఆపరేటరు ఎంత నిజాయితీపరుడైనా రైతుకు అనుమానం మిగులుతుంది. ఆ అంకె యంత్రం నుంచి వచ్చిందో, చేతి నుంచి వచ్చిందో చీటీ చూసి చెప్పలేం.

దీనికి మందు లినక్స్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. పరికరాల పేర్లను చూసుకునే యూడెవ్ అనే భాగానికి ఒక్క వాక్యం నియమం రాసి, ఫలానా తయారీదారు సంఖ్య, ఫలానా సీరియల్ నంబరు ఉన్న కన్వర్టరు వచ్చినప్పుడల్లా దానికి ‘కాంటా’ అనే మారుపేరు కూడా ఇమ్మని చెబితే చాలు. నంబరు ఏదైనా ఆ పేరు మాత్రం అదే కన్వర్టరును చూపిస్తుంది కనుక, తూకం ప్రోగ్రాంలో పోర్టుగా ఆ పేరే ఇవ్వాలి. ఊడి మళ్ళీ పెట్టినప్పుడు ప్రోగ్రాంను ఒకసారి మూసి తెరవాలి, అంతే. కామ్1 (విండోస్‌లో సీరియల్ పోర్టు పేరు) తప్ప మరో పేరు తెలియని పాత విండోస్ ప్రోగ్రాంను, లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్‌లో నడుపుతున్నవారు, వైన్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని పోర్టుల జాబితాలో కామ్1కు ఎదురుగా ఈ మారుపేరును రాసుకోవచ్చు.

కొందరు సాంకేతికులు కమాండుతో అప్పటికప్పుడు అలాంటి మారుపేరుకు ఒక లింకు కట్టి, పోర్టు అనుమతులన్నీ బార్లా తెరిచి వెళ్ళిపోతున్నారు. పరికరాల ఫైళ్ళు మెమరీలోనే ఉంటాయి కనుక కరెంటు పోయి వస్తే ఆ లింకూ ఉండదు, ఆ అనుమతులూ ఉండవు. ఉబుంటు, డెబియన్‌లలో ఆపరేటరు ఖాతాను, సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ అనే గ్రూపులో చేర్చడమే సరైన పద్ధతి. టీటీవైఎస్0 అన్న పేరునే యూఎస్‌బీకి తగిలించాలని చూడటమూ వృథా ప్రయాసే, ఎందుకంటే పాత పోర్టు బోర్డు మీద లేకపోయినా కెర్నెల్ (లినక్స్ మూలభాగం) సాధారణంగా ఆ పేరును ముందే తన కోసం ఉంచుకుంటుంది.

కన్వర్టరు కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. చవకగా దొరికే సీహెచ్340 చిప్పులకు సాధారణంగా విడి సీరియల్ నంబరు ఉండదు కనుక, అలాంటివి రెండు పెడితే ఏది కాంటాదో, ఏది ప్రింటరుదో యూడెవ్ విడదీయలేదు. అప్పుడు ఏ యూఎస్‌బీ సాకెట్‌కు పెట్టారన్నదాన్ని బట్టి నియమం రాసి, ఆ సాకెట్ పక్కన కాగితం అంటించాలి. ఎఫ్‌టీడీఐ చిప్పులకు సాధారణంగా సొంత నంబరు ఉంటుంది, కాస్త ధర ఎక్కువైనా కాంటా దగ్గర వాటినే వాడమని నేను చెబుతాను. ప్రయోగాల బోర్డులకు వాడే 5 వోల్టుల కన్వర్టర్లను మాత్రం ఇండికేటరుకు కలపకూడదు. ఆర్‌ఎస్-232 తీగలో వోల్టేజీ సున్నాకు రెండు వైపులా 15 వరకు ఉండవచ్చు, కన్వర్టరు కాలిపోవచ్చు.

మార్కెట్ కమిటీలకు, మిల్లు యజమానులకు నా విన్నపం ఒకటే. పత్తి సీజను మొదలయ్యేలోగా, కంప్యూటరు పెట్టినవారి చేత ఈ నియమాన్ని రాయించుకుని, కేబుల్ ఊడదీసి, యంత్రాన్ని ఆపి, మళ్ళీ పెట్టి, బరువు దానంతట అదే తెర మీదికి వస్తోందని కళ్ళతో చూసిన తరువాతే బిల్లు చెల్లించండి. చేత్తో టైపు చేసిన బరువుకు చీటీ మీద ప్రత్యేక గుర్తు పడేలా ప్రోగ్రాం రాసేవారిని అడగండి. వరంగల్, హనుమకొండలలోని ఐటీఐ, పాలిటెక్నిక్ అధ్యాపకులు ఈ పనిని ఒక్క పూట ప్రయోగంగా పిల్లల చేత చేయిస్తే, ఊరూరా ఉన్న కాంటాలకు పనికొచ్చే చేతులు ఇక్కడే తయారవుతాయి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సర్వీసు సాంకేతికుడు,
హనుమకొండ