సెరాబిత్ ఎల్ ఖాదిమ్ వెళ్లేవారికి

సంపాదకులకు నమస్కారం.

ఈజిప్టు యాత్ర అంటే మన పత్రికల్లో గిజా, లక్సర్, అబూ సింబెల్ దాటి మాట ముందుకు సాగదు. సినాయ్ ఎడారి కొండ మీదున్న సెరాబిత్ ఎల్ ఖాదిమ్ గుడి ఊసే రాదు. ఇది హాథోర్ దేవత గుడి. ఫిరోజా (టర్కాయిస్) అనే నీలి-ఆకుపచ్చ రాళ్ల కోసం ఫారోలు పంపిన బృందాలు దాదాపు 3,900 ఏళ్ల కిందట ఇక్కడ కొండను తొలిచి గర్భగుడి చేశాయి. 6వ రామెసెస్ కాలం దాకా రాజులు దీనికి గదులు చేరుస్తూనే వచ్చారు.

ఎప్పుడు వెళ్లాలో అక్కడి రాయే చెబుతుంది. ఫారో 3వ అమెనెమ్‌హత్ కాలపు అధికారి హోరుర్రె అదను తప్పి వచ్చాడు. ఎండకు కొండలు ఒళ్లు కాలుస్తున్నాయనీ, వేసవిలో ఫిరోజాకు మంచి రంగు రాదనీ చెక్కించాడు. నవంబరు నుంచి మార్చి లోపల వెళ్లండి.

కైరో నుంచి సూయెజ్ కాలువ కింది సొరంగం దాటి, సముద్రం పక్కనే అబూ జెనీమా దాకా తారు రోడ్డుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్లాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండి, స్థానిక బెదూయిన్ (ఎడారి తెగ) గైడు తప్పనిసరి. తారు రోడ్డు వదలడానికి కావలసిన అనుమతి గైడు ద్వారా ముందే తీసుకోవాలి. చాలామంది పొరబడేది వీసా దగ్గర. షర్మ్ ఎల్ షేక్‌లో వేసే 15 రోజుల సినాయ్ ముద్ర ఇక్కడికి చెల్లదు, పూర్తి ఈజిప్టు వీసా ఉండాలి.

కొండ ఎక్కడానికి గంట, గంటన్నర పడుతుంది. పైన నీళ్లు దొరకవు, మనిషికి 4 లీటర్లు మోసుకెళ్లాలి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువమంది జారతారు. అలసిన కాళ్ల కింద గులకరాళ్లు దొర్లుతాయి. ఆకాశం మబ్బు పట్టిందా, వాగు అడుగున గుడారం వేయకండి. ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో వరదై వచ్చేస్తుంది.

గుడిలో నిలువెత్తు శాసన శిలలు రెండు వైపులా రాతలతో నిలబడి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వాటి మీద ఏమీ కనిపించదు. పొద్దున ఏటవాలు ఎండ పడగానే ఒక్కో గీత నీడతో సహా తేలుతుంది. ఎండ లేకపోతే టార్చిని రాయికి పక్కవాటుగా పట్టుకుంటే చాలు.

1905లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ ఇక్కడే ఎద్దు తల, ఇల్లు, కన్ను, నీటి అల వంటి గుర్తులతో ఉన్న కొత్త రాతలు కనుగొన్నారు. 1916లో ఈజిప్టు లిపి పండితుడు అలన్ గార్డినర్ వాటిలో 'బాలత్', అంటే 'దేవేరి', అన్న మాట చదివారు. ఇప్పటిదాకా తెలిసిన తొలి అక్షరమాలల్లో ఇదొకటి. మన లిపికి తల్లి అయిన బ్రాహ్మి కూడా పశ్చిమాసియా ప్రాచీన లిపి అరమాయిక్ మీదుగా ఈ గుర్తుల దాకా వెళుతుందని పలువురు పండితులంటారు.

అందుకే ఒక్క విన్నపం. ఫొటోలో గీతలు బాగా రావాలని రాయి మీద నీళ్లు చల్లకండి, సుద్ద రుద్దకండి. ఇసుకరాయి నీళ్లు తాగితే లోపలి ఉప్పు పైకి వచ్చి పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది, దానితో పాటే అక్షరమూ పోతుంది.