టీబీ ఉన్న ఇంటికి బియ్యంతో పాటు పప్పు కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

టీబీ మందులు వాడుతున్న మనిషి ఉన్న ప్రతి ఇంటికీ, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ, ఆ ఆరు నెలలు రేషన్ షాపులోనే కందిపప్పు, నూనె ఇవ్వాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను నారాయణపేట జిల్లా కోస్గి మండలంలో రేషన్ డీలర్ని.

మా దగ్గర నుంచి బొంబాయి, పూనా వలస పోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. బిల్డింగ్ పనుల దగ్గర రేకుల షెడ్డులో పదిమంది పక్కపక్కనే పడుకుంటారు. కొందరు దగ్గుతో తిరిగొస్తారు. పోయిన ఎండాకాలంలో అలా వచ్చిన ఒకతన్ని మా ఊరి ఆశ కార్యకర్త నా షాపుకు తీసుకొచ్చింది. బరువు చూడాలి, తన దగ్గరున్న మిషన్ పనిచేయడం లేదంది. బియ్యం తూచే కాంటా మీద నిలబెడితే 38 కిలోలు చూపించింది. ముప్పై అయిదేళ్లు కూడా లేవు. అతని పక్కన గోడకు ఆనించిన బియ్యం సంచి 50 కిలోలది.

తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మందులు ఉచితంగా ఇచ్చారు, అందులో వంక పెట్టడానికేం లేదు. టీబీ ఉందో లేదో చెప్పే ట్రూనాట్ మిషన్ గోవాలో తయారవుతుంది, అది బ్యాటరీ మీద కూడా నడుస్తుంది, గంటా రెండు గంటల్లో ఫలితం చెప్పేస్తుంది. రోగాన్ని పట్టుకోవడంలో మనం చాలా ముందుకొచ్చాం. పట్టుకున్నాక ఆ ఇంట్లో ఏం వండుకుంటున్నారో మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఆ ఇంట్లో ఐదుగురు. అతను, భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. మనిషికి ఆరు కిలోల లెక్కన 30 కిలోల సన్నబియ్యం నా చేతులతోనే ఇస్తున్నాను. అన్నానికి లోటు లేదు. అన్నంలోకి ఉన్నది పచ్చిపులుసు, లేకపోతే కారం. టీబీ రోగుల తిండి కోసం సర్కారు ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు కింద 2018 నుంచి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు. ఆ డబ్బు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్స్ కిందికి పోయింది. అతన్ని తప్పు పట్టలేను. అప్పిచ్చినవాడు ఇంటి ముందు నిలబడితే ఎవరు మాత్రం గుడ్లు కొనుక్కుంటారు?

మా ఊరి టీచర్లు కొందరు కలిసి పప్పు, పల్లీలు ఇప్పించారు. రెండు నెలలకు అదే కాంటా మీద 40 దాటాడు. కానీ ఒక కుండలో ఉడికిన పప్పు ఒక్కడే తింటాడా? పిల్లలు చూస్తుంటే ముద్ద దిగుతుందా? అతనికి నెలంతా రావాల్సింది పది రోజుల్లో అయిపోయేది. వానలు మొదలయ్యాక వాళ్లమ్మకు దగ్గు పట్టుకుంది. ఆమెకూ టీబీయే.

ఇలా జరగకుండా చూడొచ్చని జార్ఖండ్‌లో రుజువైంది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం అక్కడ నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్లలోని 10,345 మంది మీద పరిశోధన చేసి 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించింది. రోగులందరికీ తిండి సరుకులు ఇచ్చారు. సగం ఇళ్లలో మిగతా కుటుంబానికి కూడా, పెద్దవాళ్లకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు చొప్పున, విటమిన్ మాత్రలతో కలిపి ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగి మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగితే చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువని కూడా తేలింది. బియ్యం మనం ఇప్పటికే ఇస్తున్నాం. కావాల్సింది పప్పు. పిల్లలకు సగం లెక్కన చూసినా, నేను చెప్పిన ఇంటికి నెలకు ఆరు కిలోలు సరిపోతుంది.

దాతలు ముందుకొచ్చి నిక్షయ్ మిత్ర కింద సరుకులు ఇవ్వడం మంచిదే. కానీ దాత దొరికిన ఊళ్లో ఒక తీరు, దొరకని ఊళ్లో ఇంకో తీరు ఉండకూడదు. రేషన్ షాపు ప్రతి ఊళ్లో ఉంది. 2013లో అమ్మహస్తం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇవే షాపుల్లో ఇచ్చారు, అందులో కందిపప్పు కూడా ఉంది. పప్పు కోసం దూరం పోవాల్సిన పని కూడా లేదు. తాండూరు కందికి ఆ ప్రాంతం పేరుతో ప్రత్యేక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, నారాయణపేట మార్కెట్‌కు ఏటా వచ్చేదే కంది. మా రైతుల దగ్గరే కొనొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. షాపు ముందు లైన్లో ‘టీబీ వాళ్లు ఇటు రండి’ అంటే మరుసటి నెల ఒక్కరూ రారు. ఇంట్లో పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉంటే అసలే రారు. అంత్యోదయ కార్డుకు 35 కిలోలు ఇస్తున్నాం, ఎందుకని ఎవరూ అడగరు. అట్లాగే టీబీ రోగి పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబర్‌ను రేషన్ కార్డుకు పైనుంచే కలిపేసి, వేలిముద్ర వేయగానే ఈ-పోస్ మిషన్‌లో కోటా మాత్రమే కనిపించేలా చేయాలి. రోగం పేరు డీలర్‌కు కూడా తెలియక్కర్లేదు.

మా కోస్గి ముఖ్యమంత్రి గారి కొడంగల్ నియోజకవర్గంలోనే ఉంది. పౌరసరఫరాల శాఖ, వైద్యారోగ్య శాఖ కూర్చుని మాట్లాడుకుని, ముందుగా ఈ నియోజకవర్గంలోని షాపుల్లో దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక రేషన్ డీలర్, కోస్గి మండలం, నారాయణపేట జిల్లా