తీరబాట, చర్చి పరిసరాల సంరక్షణ: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారములు.

మన ఊరి చర్చి మెట్ల దగ్గర మొదలై, సరుగుడు తోట అంచు వెంబడి, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే మొగ వరకు సాగే తీరబాటను అన్ని కాలాల్లోనూ నడవదగినదిగా ఉంచడమే ఈ ఏడాది సంఘం ప్రధానంగా చేపట్టిన పని. బారువ లైట్‌హౌస్‌ చూడడానికి వచ్చినవారిలో కొందరు ఈ బాట గురించి విని మన ఊరిదాకా వస్తున్నారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నందున మత్స్యకార సోదరులు ఒడ్డునే ఉంటారు. శ్రమదానం చాలావరకు ఆ రోజుల్లోనే, వారి చేతుల మీదుగానే జరిగింది. వాననీరు కోసివేసిన చోట్ల తాటి మొద్దులు అడ్డంగా పాతి, వెనుక ఇసుక నింపాము. మొద్దు ఏమాత్రం పైకి తేలినా చేపల గంప నెత్తిన పెట్టుకొని వచ్చే ఆడవారి కాలికి తగులుతుంది కనుక, ప్రతిదాన్నీ నేలకు సమంగా మళ్లీ చెక్కించాము.

సిమెంటు బాట వేయాలన్న సూచనను కార్యవర్గం శ్రద్ధగా పరిశీలించి, వద్దని నిర్ణయించింది. ఇసుక దిబ్బను పట్టి ఉంచేది బాలబంది తీగ, మొగలి పొదలే. వాటిని కొట్టివేసి గట్టి బాట వేస్తే అలల తాకిడికి దాని అంచు కింద ఇసుక జారిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తీరు చూసినవారెవరూ తీరంలోని పచ్చదనాన్ని తేలికగా తీసుకోలేరు.

చర్చికి సముద్రం వైపు గోడకు తెల్లసున్నమే వేయించాము. రంగు మార్చుదామని కొందరు కోరినా, ఒడ్డుకు తిరిగివచ్చే పడవలకు ఆ తెల్లగోడే గురుతు అని పెద్దలు చెప్పిన మాటకు చర్చి విశ్వాసులందరూ సమ్మతించారు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి వస్తాయి. ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లుంటాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. పిల్లలు రాత్రివేళ వెలుతురున్న దిక్కుకే పాకుతాయి కాబట్టి, మన దీపాలు వాటిని సముద్రానికి దూరంగా లాగుతాయి. అందువల్ల క్రిస్మస్ నక్షత్ర దీపాన్ని జనవరి మొదట్లోనే దించడానికి, సముద్రం వైపు బల్బులకు రేకు మూతలు పెట్టడానికి పాస్టరు గారు ఎంతో ఆదరంతో ఒప్పుకున్నారు. ఆ నెలల్లో చీకటి పడ్డాక బాటపై నడక ఆపాము. ఇది సంఘం ఈ ఏడాది చేసిన పనులన్నింటిలో మేలైనదని కార్యవర్గం అభిప్రాయం.

సందర్శకులు ఆదివారం ఆరాధన సమయంలో చర్చి ఆవరణలో ఫొటోలు తీయకుండా ద్వారం వద్ద బోర్డు పెట్టాము. జమాఖర్చుల పట్టికను సభ్యులకు విడిగా అందజేశాము.

వరదలకు మొగ స్థానం జరుగుతూ ఉంటుంది కనుక, బాట చివర శాశ్వత కట్టడమేదీ లేకుండా ఏటా వానలు వెలిశాక వెదురు గుంజలతో హద్దు గుర్తించాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ఆమోదానికి ఉంచుతున్నాము.

కార్యదర్శి