జవాబుల పేజీ తిప్పకముందే

సఖినేటిపల్లి

అమ్మలూ,

నువ్వు పంపిన పరీక్ష పేపర్ ఫొటోలు రెండుసార్లు చూశాను. వాస్తవ సంఖ్యల్లో గానీ బహుపదుల్లో గానీ నీకు రానిదంటూ ఏమీ లేదు. పోయిన మార్కులన్నీ గుర్తుల దగ్గరా, రాయకుండా వదిలేసిన మాటల దగ్గరా పోయాయి. లెక్క అవగానే పుస్తకం వెనక జవాబులు చూసుకుంటున్నావు కదా, ఆ అలవాటు మానిపించాలనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఈ రెండు పాఠాల్లో దాదాపు ప్రతి జవాబునీ నువ్వే సరిచూసుకోవచ్చు. పెన్సిలు పట్టుకుని చదువు.

ముందు గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం సంగతి. దొడ్లో దింపు తీస్తే పెద్ద కాయలు 252, చిన్నవి 180 వచ్చాయనుకో. రెండు రకాలూ కలవకూడదు, అన్ని రాశుల్లోనూ కాయల లెక్క ఒకటే ఉండాలి, రాశి వీలైనంత పెద్దదవ్వాలి. ఉన్నదాన్ని పంచుతున్నాం కాబట్టి ఇది గ.సా.భా. లెక్క. 252 = 2² × 3² × 7, 180 = 2² × 3² × 5. రెండింట్లోనూ ఉన్నవాటిని తక్కువ ఘాతంతో తీసుకుంటే 36. పెద్దవి 7 రాశులు, చిన్నవి 5. ఇదే యూక్లిడ్ పద్ధతిలో చేస్తే:

252 = 180 × 1 + 72
180 = 72 × 2 + 36
72 = 36 × 2 + 0

శేషం సున్నా వచ్చిన వరుసలో దేనితో భాగించామో అదే జవాబు, అంటే 36. నువ్వు పేపర్లో ఆఖరి భాగఫలాన్ని జవాబుగా రాసొచ్చావు. రెండు దారుల్లోనూ ఒకటే అంకె వస్తే ఇంక వెనక పేజీతో పనేముంది?

క.సా.గు., అంటే కనిష్ఠ సామాన్య గుణిజం లెక్కల్లో మనం ముందుకు పోతాం. రేవులో ఒక పంటు 24 నిమిషాలకోసారి, ఇంకోటి 36 నిమిషాలకోసారి నరసాపురం వైపు బయల్దేరతాయనీ, పొద్దున 6 గంటలకు రెండూ కలిసి కదిలాయనీ అనుకో. మళ్లీ కలిసి కదిలేది 72 నిమిషాలకి. అడిగింది టైము కాబట్టి 72 రాసి ఆపెయ్యకు, 7 గంటల 12 నిమిషాలు అని రాయి. గ.సా.భా. 12, క.సా.గు. 72, వీటి లబ్ధం 864. 24 × 36 కూడా 864. అయితే ఈ సూత్రం రెండు సంఖ్యలకే పనిచేస్తుంది. 6, 10, 15 తీసుకుని చూడు. గ.సా.భా. 1, క.సా.గు. 30, కానీ మూడింటి లబ్ధం 900.

భిన్నాన్ని దశాంశంగా రాస్తే అంతమవుతుందా అని అడిగితే ముందు కొట్టివేతలు చెయ్యి. 21/150 లో హారం 2 × 3 × 5². 3 కనబడగానే అంతం కాదని రాసేశావు. కొట్టివేస్తే అది 7/50, అంటే 0.14. 

ఇక √3 కరణీయం, అంటే పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది అన్న నిరూపణ. నువ్వు రాసింది బట్టీ పట్టి రాసినట్టుంది. అసలు మాట వదిలేశావు కాబట్టే మార్కులు సగమే వచ్చాయి. √3 = ప/క అనుకున్నాక ‘ప, క పరస్పర ప్రధానాంకాలు’, అంటే 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి అని రాయాలి. అది రాయకపోతే చివర్లో విరుద్ధత దేనితో వచ్చినట్టు? వర్గం చేస్తే ప² = 3క². అంటే ప² ని 3 భాగిస్తుంది, కాబట్టి ప ని కూడా భాగిస్తుంది. ప = 3గ అని పెడితే క² = 3గ², అంటే క నీ 3 భాగిస్తుంది. ప, క రెండింటికీ 3 ఉమ్మడి అయింది. మొదట రాసిన మాటకి ఇది విరుద్ధం.

ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన మెట్టు ఒకటుంది. ‘ప² ని భాగిస్తే ప నీ భాగిస్తుంది’ అన్నావు, ఎందుకని? ఇదే నిరూపణలో 3 తీసి 4 పెట్టి చూడు. √4 అంటే 2 కాబట్టి నిరూపణ ఎక్కడో తెగాలి. ప² = 4క² దాకా బాగానే వస్తుంది. ప² ని 4 భాగిస్తుంది. ప నీ భాగిస్తుందా? 36 ని 4 భాగిస్తుంది, 6 ని భాగించదు. తెగింది ఇక్కడే. వర్గసంఖ్యలో ప్రతి ప్రధానాంకం జంటలుగా వస్తుంది. ప² లో ఒక 3 ఉందంటే కనీసం రెండున్నాయి, అవి ప నుంచే వచ్చాయి. 4 లోని రెండు 2లు ఒకే జంట కావచ్చు, ప లో ఒక్క 2 ఉన్నా సరిపోతుంది. అందుకే ఆ మెట్టు పక్కన ‘3 ప్రధానాంకం కాబట్టి’ అని రాయడం తప్పనిసరి.

జంటల సంగతి ఎక్కితే నిరూపణ రెండు వాక్యాల్లో కళ్లకి కడుతుంది. ప² = 3క² లో కుడివైపు 3లు బేసి సంఖ్యలో ఉంటాయి, ఎడమవైపు సరి సంఖ్యలో. ఒకే సంఖ్యని రెండు రకాలుగా ప్రధానాంకాల లబ్ధంగా రాయలేమని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతోంది కదా. పరీక్షలో పుస్తకం పద్ధతే రాయి. నీకు అర్థమవడానికి మాత్రం ఇది దగ్గరి దారి.

5 + 2√3 లాంటివి తేలిక. అకరణీయం అనుకుని √3 ని ఒక్కదాన్నే ఒక పక్కకి తెచ్చుకో, రెండోవైపు అంతా అకరణీయం అవుతుంది, అక్కడే విరుద్ధత.

బహుపదుల్లోకి వద్దాం. నేను చరరాశిని య అని రాస్తున్నాను, నువ్వు ఎక్స్ అనే రాసుకో. మన పాత గణితవేత్తలు తెలియని రాశిని యావత్తావత్ అని, కుదించి ‘యా’ అని రాసేవారు.

5య − 12 + 3య² ఇచ్చి శూన్యాలు, అంటే దాని విలువని సున్నా చేసే య విలువలు కనుక్కోమంటే ముందు ఘాతాల వరుసలో పెట్టు: 3య² + 5య − 12. ఇచ్చిన వరుసలోనే గుణకాలు తీసుకుంటే అన్నీ తారుమారు అవుతాయి. మొదటి, చివరి గుణకాల లబ్ధం −36. మొత్తం 5, లబ్ధం −36 వచ్చే జంట 9, −4. అప్పుడు 3య(య + 3) − 4(య + 3), అంటే (య + 3)(3య − 4). శూన్యాలు −3, 4/3. కారణాంకంలో +3 ఉంటే శూన్యం −3 అవుతుంది, నువ్వు రెండుచోట్ల గుర్తు మార్చడం మరిచావు. సరిచూడు: మొత్తం −5/3, లబ్ధం −4. సూత్రం ప్రకారం కూడా −5/3, −12/3. గుర్తు తప్పితే ఇక్కడే దొరికిపోతుంది.

వీటినే ఆల్ఫా, బీటా అనుకుని వర్గాల మొత్తం అడిగారు. మొత్తానికి వర్గం కట్టి, అందులోంచి లబ్ధానికి రెట్టింపు తీసెయ్యాలి. లబ్ధం −4 కాబట్టి 25/9 + 8 = 97/9. నువ్వు 8 ని తీసేసి −47/9 తెచ్చావు. రెండు వాస్తవ సంఖ్యల వర్గాలు కలిపితే ఋణ సంఖ్య ఎలా వస్తుంది తల్లీ? ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు, దానికి వర్గమూలం లేదు అని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అలాంటి జవాబు వస్తే పెన్ను ఆపి వెనక్కి వెళ్లు.

మొత్తం −2/3, లబ్ధం −5 ఇచ్చి బహుపది రాయమంటే య² − (మొత్తం)య + లబ్ధం. మొత్తం దగ్గర బ్రాకెట్టు తప్పకుండా పెట్టు, రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయ్యేది అక్కడే. య² + (2/3)య − 5 ని 3 తో హెచ్చిస్తే 3య² + 2య − 15. సున్నా కాని ఏ సంఖ్యతో హెచ్చించినా శూన్యాలు మారవని ఒక ముక్క రాయి.

భాగహారంలో లేని పదానికి చోటు వదలాలి. య³ − 7య + 6 ని య − 2 తో భాగించేటప్పుడు య³ + 0య² − 7య + 6 అని రాసుకో. ఆ సున్నా లేకపోతే −7య పోయి య² పదాల కింద కూర్చుంటుంది. భాగఫలం య² + 2య − 3, శేషం 0. శూన్యాలు 2, 1, −3. మొత్తం సున్నా రావాలి, ఎందుకంటే య² గుణకం సున్నా.

రోజుకి నాలుగు లెక్కలు చాలు, కానీ నాలుగింటికీ కింద గీత గీసి సరిచూసిన వరుస కనబడాలి. తప్పు వచ్చిందాన్ని రబ్బరుతో చెరపకు. తప్పిన మెట్టు చుట్టూ సున్నా చుట్టి, మూడు రోజులాగి ఆ లెక్కే కొత్త పేజీలో మళ్లీ చెయ్యి. నిరూపణలు మాత్రం చూడకుండా రాసి, తర్వాత పుస్తకంతో పోల్చుకో.

ఆదివారం ఫోన్ చేసేలోపు రెండు చేసి ఉంచు. ఒకటి, 15 ని దానితోనే ఎన్నిసార్లు హెచ్చించినా చివర సున్నా ఎందుకు రాదు? రెండోది √12. √3 నిరూపణలో 3 తీసి 12 పెడితే నిరూపణ √4 దగ్గర తెగినట్టే తెగుతుంది, 36 నే పెట్టి చూడు. అయినా √12 కరణీయమే. నిరూపణ తెగినా మాట నిజమే ఎలా అయింది, దాన్ని వేరే దారిలో ఎలా నిరూపిస్తావు? అది నువ్వే చెప్పాలి.

మీ నాన్న