జూన్‌లో మా దగ్గర లూజు హెక్సేన్, అసిటోన్ తీసుకున్న వాళ్ళకి

నమస్తే అండి. హన్మకొండలో మా షాపు నుంచి లూజు హెక్సేన్ గానీ అసిటోన్ గానీ (ల్యాబుల్లో వాడే సాల్వెంట్లు, అంటే పదార్థాల్ని కరిగించే ద్రవాలు) తీసుకుని ఉంటే ముందు ఆ సీసా లేబుల్ చూడండి. తెల్ల లేబుల్ మీద మా చేతిరాతతో జూన్ 3 నుంచి 24 మధ్య తేదీ ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, ల్యాబ్ పనికి అస్సలు వాడొద్దు. తెచ్చిస్తే పైసలు వాపస్, కాదంటే బదులు సరుకు. సగం వాడేసినా పూర్తి డబ్బే ఇస్తాం. కంపెనీ సీలుతో అమ్మిన సీసాలకి ఈ గొడవ లేదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

ఏం జరిగిందంటే, 200 లీటర్ల డ్రమ్ము నుంచి సీసాల్లోకి తోడటానికి మా దగ్గర స్టీలు చేతిపంపు, దానికి టెఫ్లాన్ పైపు ఉండేవి. మే చివర్లో పంపు పాడైంది. హైదరాబాద్ నుంచి సామాను రావాలి, వారం అన్నారు, మూడు వారాలు దాటింది. ఈలోపు ఆర్డర్లు ఆగవు కదా అని, నేనే (షాపులో పిల్లలు కాదు, నేనే) హార్డ్‌వేర్ షాపుకెళ్ళి మేస్త్రీలు లెవెల్ చూసుకునే మెత్తటి పైపు రెండు మీటర్లు కొనుక్కొచ్చి, డ్రమ్ము కుళాయికి తగిలించి పని కానిచ్చాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ణి, ఆ పైపు పీవీసీ అని తెలియక కాదు, ఏమవుతుందిలే అనుకున్నాను.

పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. కరెంటు వైర్లకి గోడలో వేసే పైపులూ అదే. దాన్ని వంగేలా చేయడానికి థాలేట్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు, మెత్తటి పైపు బరువులో మూడో వంతు దాకా అదే ఉండొచ్చు. అది పీవీసీకి గట్టిగా అతుక్కుని ఉండదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. నీళ్ళు పోతే పెద్దగా కదలదు. హెక్సేన్, అసిటోన్ లాంటివి పోతే మాత్రం కడిగి తీసుకుపోతాయి. మూడు వారాలయ్యాక ఆ పైపు చుట్టబోతే చుట్టలేకపోయాను, వెదురు బద్దలా బిగుసుకుపోయింది. అప్పుడైనా ఆ మెత్తదనమంతా ఎటు పోయిందని నన్ను నేను అడగాల్సింది. మీ సీసాల్లోకి పోయింది.

పట్టుకున్నది నేను కాదు, ఒక రీసెర్చ్ స్కాలర్ మేడమ్. కాలమ్ చేసి (గాజు గొట్టంలోంచి సాల్వెంట్ పోస్తూ పదార్థాల్ని విడదీయడం), విడిగా పట్టిన ఫ్రాక్షన్లు రోటావేపర్ అనే సాల్వెంట్‌ని ఆవిరి చేసే మెషిన్ మీద ఆరబెడితే పొడి రావాల్సిన చోట జిడ్డు మిగిలిందట. రియాక్షన్ చెడిందేమో అనుకుని మళ్ళీ రెండుసార్లు చేశారు, పాపం. చివరికి ఎన్ఎమ్ఆర్ (పదార్థంలో ఏముందో చూపించే పరీక్ష) తీస్తే 4.2 దగ్గర, 7.5, 7.7 దగ్గర తన పదార్థానికి సంబంధం లేని పీకులు, మాస్‌లో (అణువుల ముక్కల బరువు చూపించే పరీక్ష) 149. ఆ 149 చూడగానే వాళ్ళ సార్‌కి అర్థమైపోయింది, థాలేట్ ఉంటే కనిపించే నంబరు అది. ఫోన్లో ఆమె కోపంగా మాట్లాడి ఉంటే నాకు ఇంకొంచెం తేలికగా ఉండేది, "అంకుల్, పైపు ఏమైనా మార్చారా" అని మెల్లగా అడిగారు.

కొందరు సీసా ఎత్తి చూసి "నీళ్ళలా ఉంది కదా" అంటున్నారు. అవును, అలాగే ఉంటుంది. లెక్క చూడండి: లీటరుకి 5 మిల్లీగ్రాముల జిడ్డు ఉందనుకుందాం, కంటికి కనపడదు, వాసన ఉండదు. మీరు 20 మిల్లీగ్రాముల పదార్థం కోసం కాలమ్‌లో రెండు లీటర్లు పోసి మొత్తం ఆరబెట్టారు. హెక్సేన్ అంతా ఎగిరిపోయింది, జిడ్డు మాత్రం 10 మిల్లీగ్రాములు అక్కడే ఉంది. మీ పదార్థంలో సగమంత చెత్త! అందుకే ఎవరి సరుకైనా, మాదైనా సరే, కొత్త సీసా తెరిచినప్పుడు 500 ఎం.ఎల్. శుభ్రమైన ఫ్లాస్కులో ఆరబెట్టి ముందు, తర్వాత తూకం వేయండి. అరగంట పని.

ఆ పైపుతో ఇంకో ప్రమాదం ఉండింది, చెప్పకుండా దాటేయలేను. హెక్సేన్ పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది, హెక్సేన్ కరెంటుని పోనివ్వదు, ప్లాస్టిక్ పైపూ పోనివ్వదు, కాబట్టి ఛార్జి అక్కడే పేరుకుంటుంది. హెక్సేన్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవడం మొదలయ్యే వేడి) మైనస్ 22 డిగ్రీలు, అంటే మన వరంగల్‌లో సంక్రాంతి చలిలో కూడా ఒక్క నిప్పురవ్వ చాలు. మూడు వారాలు ఏమీ కాలేదంటే అది అదృష్టమే. ఇప్పుడు స్టీలు పంపు వచ్చింది, డ్రమ్ముకీ, కింద పెట్టే స్టీలు క్యాన్‌కీ క్లిప్పులతో వైరు కలిపి ఎర్తింగ్ ఇచ్చాకే కుళాయి తిప్పుతున్నాం.

ఇంకొన్ని మార్పులు. మీరు తెచ్చిన ఖాళీ సీసాల్లో ఇక పోయం, ముందు అందులో ఏముండేదో మీకే గుర్తుండదు. కూల్‌డ్రింక్ సీసాలు తెచ్చేవాళ్ళకి అయితే చేతులెత్తి దండం, అసిటోన్‌కి ఆ ప్లాస్టిక్ పాడవుతుంది, పైగా ఇంట్లో పిల్లలు ఉంటారు. హెక్సేన్ ఇక గాజు సీసాలో గానీ మెటల్ క్యాన్‌లో గానీ మాత్రమే. ప్లాస్టిక్ క్యాన్‌లో నెలలు ఉంచితే అది గోడల్లోంచి మెల్లగా బయటికి పోతుంది, క్యాన్ పక్కలు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తాయి, చాలామంది చూసే ఉంటారు. క్లోరోఫామ్ ముదురు గోధుమ రంగు సీసాలోనే, వెలుతురు, గాలి తగిలితే అందులో ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఈథర్ (అదీ సాల్వెంటే) మాత్రం మార్చి నుంచి జూన్ వరకు స్టాక్ పెట్టం. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది, మాది రేకుల షెడ్డు, మే నెలలో మన ఎండలు మీకు చెప్పాలా? కావాలంటే ఆర్డర్ మీద తెప్పిస్తాం, మధ్యలో ఒక్క రాత్రి కూడా గోడౌన్‌లో ఉంచం. మీరు కూడా ఈథర్‌ని ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల థర్మోస్టాట్ రవ్వ చాలు. ఈథర్, టీహెచ్ఎఫ్ (అలాంటిదే ఇంకో సాల్వెంట్) సీసాల మీద తెరిచిన తేదీ రాయండి, పాతబడితే పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి. మూత చుట్టూ తెల్లటి గడ్డలు కనిపిస్తే మూత తిప్పొద్దు, సీసా కదపొద్దు, మీ ల్యాబ్ సేఫ్టీ వాళ్ళని పిలవండి.

పార్లర్ల వాళ్ళు కూడా అసిటోన్ వాపస్ తేవొచ్చు, గోళ్ళకి వాడేది కదా. స్ప్రే గన్లు కడుక్కునే పెయింటింగ్ అన్నలకి మాత్రం దీనితో ఇబ్బంది లేదు, వాపస్ వచ్చిన అసిటోన్‌ని విషయం చెప్పి, లేబుల్ మీద రాసి, వాళ్ళకే సగం ధరకి ఇద్దామనుకుంటున్నాను.

కాజీపేట, సుబేదారి, నయీంనగర్ వైపు సీసాలుంటే శనివారం మా ఆటో వస్తుంది, మూత గట్టిగా బిగించి నిలబెట్టి ఉంచండి. పరకాల, జనగామ వాళ్ళు దయచేసి బస్సులో పార్సిల్ వేయకండి, జనం ఎక్కే బస్సు అది. ఫోన్ చేయండి, వచ్చే వారం మేమే వచ్చి తీసుకుంటాం. సింకులో మాత్రం పారబోయొద్దు.